కుడి పక్క పరిగెత్తే దీపం

బత్తలపల్లె,
10 ఫిబ్రవరి 2025

మహారాజశ్రీ గంగాధరప్ప బావగారి సముఖమునకు,

ఇందుమూలముగా రాయదుర్గం మొదలు కదిరి వరకు గల సమస్త జనులకు చాటింపు వేయించడమేమనగా: నిన్న ఆదివారం మా అంగట్లో ఎర్రగళ్ల తువ్వాలు ఒకటి దిక్కులేకుండా దొరికినది. దానికి ఒక అంచున పసుపు మరక, ఇంకొక అంచున వక్కాకు మరక కలవు. సదరు తువ్వాలును ఇద్దరు సాక్షుల ఎదుట మడిచి స్పానర్ల డబ్బాలో భద్రపరచడమైనది. పదిహేను రోజుల్లో యజమాని వచ్చి "ఇది నాదే, ఈ మతిమరుపూ నాదే" అని మూడుసార్లు పలికి తీసుకుపోని యెడల దానితో బ్యాటరీలు తుడవబడును. ఇట్లు, మారుతి ఆటో ఎలక్ట్రికల్స్, బస్టాండు ఎదురుగా.

చాటింపు అయిపోయింది. ఇంక మామూలు మాటలు. అక్క మోకాలి నొప్పి ఎట్లుంది బావా? హేమావతమ్మ తమ్ముడు, అంటే నేనే, నువ్వులనూనె పంపిస్తానన్నాడని చెప్పు. ఎప్పుడని మాత్రం చెప్పవద్దు.

నువ్వు నాతో ఫోన్‌లో మాట్లాడనని ఒట్టు పెట్టుకుని పది నెలలు దాటింది. తప్పు నాదే. పోయిన ఉగాది ముందర రవాణా ఆఫీసు పెద్దసారు గొంతు పెట్టి, కారు కాగితాలన్నీ తీసుకుని అనంతపురం రమ్మన్నాను. నువ్వు మూడు గంటలు ఎండలో నిలబడినావు. అప్పటి నుంచి నీది ఒకటే మాట: "ఫోన్‌లో నీ గొంతు నమ్మను. నీ వంకర అక్షరాలైతే ఎవడూ దొంగిలించలేడు, ఏముంటే కాగితం మీద రాయి." ఎనిమిదో తరగతిలో మూలకు పడిన చేతిరాతకు ఈ వయసులో పని కల్పించినావు.

కారు సంగతి. నిన్న వెనక దీపాల్లో నేను బిగించింది పరిగెత్తే ఇండికేటర్. పాతదాంట్లో ఒకే బల్బు మిణుకుమనేది. ఇది చిన్న దీపాల పట్టీ. డిక్కీ పక్కన మొదలై, చీమలబారు మాదిరి ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ బయటి అంచుకు పోతుంది. కుడికి తిరిగితే కుడికి పరుగు, ఎడమకు తిరిగితే ఎడమకు. అతికించిన గమ్ము ఆరాల, కాబట్టి వారం రోజులు కారును పైపుతో కడగొద్దు. ఇండికేటర్ వేసి, కిందికి దిగి, వెనక నిలబడి మురిసిపోవద్దు. పాత దీపాలు రెండూ డిక్కీలో గోనెసంచిలో ఉన్నాయి, పారేయొద్దు.

నేను పట్టీని తలకిందులు పట్టుకుని "ఇట్ల అతికిస్తే కుడికి తిరిగే కారు ఎడమకు పోతాండా అంటాది బావా" అన్నప్పుడు నీకు టీ పొరబోయింది చూడు, ఆ ముఖం ఇంకా నా కళ్లలోనే ఉంది.

ఇట్లు,
నీ తువ్వాలు కావలివాడు,
మారుతి


రాయదుర్గం,
20 ఫిబ్రవరి 2025

చిరంజీవి మారుతికి గంగాధరప్ప దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ జాబు మీ అక్కకు చదివి వినిపించినాను. "వానికి నలభై ఏడేళ్లు, వాని నోటికి ఇంకా ఏడేళ్లే" అంది.

దీపాలు నలుగురూ మెచ్చుకున్నారు. జీన్స్ కుట్టే షెడ్ల దగ్గర సాయంత్రం డ్యూటీ దిగిన టైలర్లు నిలబడి చూస్తున్నారు. మీ అక్క మాత్రం "ఈ వయసులో కారుకు నగలు" అంటోంది.

అయితే కుడి దీపం చెడింది. నాలుగో రోజు కారు కడిగినాను. ఈ దుమ్ములో వారం రోజులు కడగకుండా ఉంటే బాడుగకు నా బండి ఎవరు ఎక్కుతారు? లోపలికి నీళ్లు దిగినాయి. పట్టీ నడుమ దీపాలు చచ్చినాయి. బారు సగానికి పోయి తెగుతోంది, పైగా కంటిరెప్ప అదిరినట్టు గబగబా కొట్టుకుంటోంది. మా ఊరి మెకానిక్ విజయభాస్కర్ దీపం ఊడదీసి ఇచ్చినాడు. దాన్ని ఈ జాబుతోపాటు బస్సులో పంపుతున్నాను. అంతవరకు కుడి పక్క పాత దీపం తగిలించుకున్నాను.

ఒక మాట. శ్రీరంగప్ప జీపు బ్రేకు తొక్కితే హారన్ మోగేటట్టు చేసింది నువ్వే. ఆయన మారెమ్మ జాతరలో ఊరేగింపు వెనకాల బ్రేకు తొక్కుకుంటూ, మోగించుకుంటూ పోయి తిట్లు తిన్నాడు. అట్లాంటివి నా బండికి వద్దు. నా బండిలో ఆస్పత్రికి పోయేవాళ్లు కూర్చుంటారు.

ఇట్లు,
గంగాధరప్ప


బత్తలపల్లె,
27 ఫిబ్రవరి 2025

బావకు నమస్కారాలు.

కడగొద్దంటే కడిగినావు. అక్క చెప్పింది నిజమే: నీకు చెప్పేదానికన్నా గేదెకు చెప్పి, గేదె చేత నీకు చెప్పించడం మేలు.

పట్టీ నడుమ దీపాలు చచ్చినందుకు అది కరెంటు తక్కువ తాగుతోంది. బల్బు మాడిందేమో అనుకుని కారు గాబరా పడి గబగబా కొట్టుకుంటుంది. అంతే, దయ్యం కాదు. పాత పట్టీ పీకేసి కొత్తది అతికించినాను. నీళ్లు దిగకుండా అద్దం చుట్టూ రెండు వరసలు గమ్ము పెట్టినాను. ఇప్పుడు మూసిన దీపంలో పట్టీ తల ఏదో తోక ఏదో నీకు కాదు, దేవునికి కూడా కనబడదు. వెలిగితేనే తెలుస్తుంది.

లోపల ఏం చేసినానో చెప్పను. కుడికి ఇండికేటర్ వేస్తే దీపం ఎడమకు పరిగెత్తిందనుకో, కంగారు పడొద్దు. అది బామ్మర్ది ప్రేమ. శ్రీరంగప్పకు హారన్ గుట్టు తెలిసేసరికి నెల పట్టింది. నీకెన్ని రోజులు పడుతుందో చూస్తాను.

దీపంతోపాటు తువ్వాలు కూడా పంపుతున్నాను. ఉతికించినాను. వక్కాకు మరక పోలేదు, నీ స్వభావం మాదిరి.

ఇట్లు,
మారుతి


రాయదుర్గం,
3 మార్చి 2025

మారుతికి,

దీవెనలు రాయబుద్ధి కావడం లేదు.

నువ్వు పంపిన దీపం శనివారం పొద్దున విజయభాస్కర్ బిగించినాడు. వెలిగిందా అని సీట్లో నుంచి అడిగితే "వెలిగిందన్నా" అని చెయ్యి ఊపినాడు. ఏ పక్కకు పరిగెత్తిందో ఆయప్ప చూడలేదు, నేనూ దిగి చూడలేదు. ఆ రోజంతా నాకు కుడికి తిరిగే పని పడలేదు.

సాయంత్రం ఆరుకు, ఇంకా వెలుతురు ఉండగానే, కళ్యాణదుర్గం రోడ్డులో ఖాళీ బండితో వస్తున్నాను. కుడి పక్క పెట్రోలు బంకు. కుడి ఇండికేటర్ వేసినాను. అద్దంలో చూస్తే వెనక కొంచెం దూరంలో ఒక టీవీఎస్ బండి. సిగ్నల్ చూసినాడు కదా, నిదానిస్తాడనుకుని తిప్పినాను. వాడు నిదానించలేదు. నేరుగా కుడి పక్కకే వచ్చి వెనక మూలకు కొట్టుకున్నాడు.

వాడు ఎవరో కాదు, జీన్స్ షెడ్డులో జిప్పులు కుట్టే యేసన్న. రోజూ ఆ రోడ్డులో కనబడేవాడే. మోకాలి కింద కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఆ కాలితోనే వాడు మిషను తొక్కేది. అనంతపురం ఆస్పత్రిలో ఉన్నాడు.

దీపం నుగ్గయింది. ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాను. వాటిని చూసి ఏ పక్కకు పరిగెత్తిందో చెప్పలేమని విజయభాస్కర్ అన్నాడు. చెప్పే అవసరం కూడా లేదు. నువ్వే రాసినావు. కుడికి వేస్తే ఎడమకు పరిగెత్తుతుందని, అది నీ ప్రేమ అని. ఎడమకు పరిగెత్తే దీపం చూస్తే ఎవడైనా కుడి పక్కనుంచే దాటుకుంటాడు. వాడూ అదే చేసినాడు.

పదో తేదీ సోమవారం స్టేషన్‌లో నేను వాంగ్మూలం ఇవ్వాల. నీ 27వ తేదీ జాబు నా చొక్కా జేబులో ఉంది. దాన్ని వాళ్ల చేతిలో పెడతాను. నీ అంగడికి తాళం పడితే పడనీ.

మీ అక్క రెండు రోజులుగా సరిగా తినలేదు. ఆమె అన్న మాట రాస్తున్నాను, నాది కాదు: "వాడు నిజంగా ఆ పని చేసింటే ఇంక నాకు తమ్ముడు లేడు."

గంగాధరప్ప


బత్తలపల్లె,
5 మార్చి 2025

బావా,

నీ జాబు మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రం బస్సు కండక్టరు చేతికి ఇది ఇస్తున్నాను. అక్షరాలు మరీ వంకరగా ఉంటే మన్నించు.

నేను చేయలేదు. ఆ జాబులో రాసింది ఎగతాళి. నోటి దురద చేతికి పాకింది. నన్ను నమ్మమని అడిగే ముఖం నాకు లేదని తెలుసు. శ్రీరంగప్ప జీపు, రవాణా ఆఫీసు గొంతు, అవన్నీ ఇప్పుడు నా మీదనే సాక్ష్యం చెబుతున్నాయి. అందుకని నా మాట పక్కన పెట్టు. వీడియో ఉంది.

27వ తేదీ దీపం మూసినాక, బస్సుకు వేసే ముందు, బ్యాటరీకి తగిలించి వెలిగించి ఫోన్‌లో తీసినాను. నలభై సెకన్లు. దీపం కుడికే పరిగెత్తుతోంది. వెనకాల గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. పక్కన నీ తువ్వాలు మడిచి ఉంది. నీకు పంపను. ఫోన్‌లో నాది ఏదీ నమ్మనన్నావు. నువ్వు స్టేషన్‌కు పోయిన రోజు నేను కూడా వచ్చి వాళ్ల ముందరే చూపిస్తాను. నా జాబు ఒక పక్క, నా వీడియో ఒక పక్క. ఏది నిజమో వాళ్లు తేల్చుకుంటారు.

కానీ ఆ లోపల ఒక పని చెయ్యి. నువ్వు చూడలేదు, విజయభాస్కర్ చూడలేదు. ఆ సాయంత్రం ఆ దీపాన్ని చూసిన మనిషి ఈ భూమి మీద ఒక్కడే, యేసన్న. నువ్వు ఆయన దగ్గరికి పోయినట్టు నీ జాబులో ఎక్కడా లేదు. ఎందుకు పోలేదు బావా? వాళ్లవాళ్లు తిడతారనా? తిట్టనీ. పోయి అడుగు: దీపం ఏ పక్కకు పరిగెత్తింది? ఎడమకు అని ఆయన అంటే నువ్వు నా జాబు చూపించే పని కూడా లేదు. నేనే స్టేషన్ మెట్లెక్కి కూర్చుంటాను.

సోమవారం లోపల పో. ఆదివారమైనా పో.

అక్కను తినమను. నా మీద కోపం అన్నం మీద ఎందుకు?

మారుతి


రాయదుర్గం,
11 మార్చి 2025

చిరంజీవి మారుతికి గంగాధరప్ప రాయునది.

ఆదివారం అనంతపురం పోయినాను. ఆస్పత్రి వరండాలో అర్ధగంట అటూ ఇటూ తిరిగినాను. యేసన్న భార్య అంజనమ్మ నీళ్లకు బయటికి వచ్చి నన్ను చూసింది.

"మీ కారుకు సింగారం, మా ఇంటాయనకు పిండికట్టు. చూసేకి వచ్చినావా అన్నా?" అంది.

నేను తల దించుకుని లోపలికి పోయినాను. యేసన్న కాలు కింద దిండ్లు పెట్టి పడుకోబెట్టినారు. పండ్లు పక్కన పెట్టి, ఏం మాట్లాడాలో తెలియక నేరుగా అడిగేసినాను.

"యేసన్నా, ఆ పొద్దు నా దీపం యా పక్కకు పరిగెత్తినాది? నిజం చెప్పు."

"కుడికి," అన్నాడు. "యాడ చూసినా పొద్దుగూకులూ ఆ దీపం మాటేనా? కుడికే పరిగెత్తినాది. శానా బాగా పరిగెత్తినాది. అందుకే గదా నేను కుడికి వచ్చింది."

నాకు అర్థం కాలేదు. "నేను కుడికి తిరుగుతాండా అని గదప్పా యేసింది," అన్నాను.

"తిరుగుతాండావని నాకెట్ల తెలుస్తాదన్నా? రోజూ పొద్దున గుట్ట మలుపు కాడ నువ్వు కుడి లైటు ఎందుకు యేస్తావు? ముందర రోడ్డు ఖాళీగా ఉండాది, యేసన్నా, నన్ను దాటుకొని పో అని గదా. మూడేండ్ల నుంచి యేస్తాండావు. నేను చెయ్యెత్తి దండం పెట్టి దాటుకొని పోతాండా. ఆ పొద్దూ యేసినావు. పాత లైటయితే కొంచెం నిదానించుందునేమో. ఈ కొత్తది చేత్తో తోసినట్ల, పో, పో, పో అంటాండాది. వచ్చేసినా."

అంజనమ్మ చెంబు కింద పెట్టి, "ఇద్దరికీ ఒకే దీపం, ఆయన ఒకటి చెప్పె, ఈయన ఒకటి వినె," అంది.

మారుతీ, నేను పదకొండేళ్లు లారీ తోలినాను. వెనక వచ్చేవాడికి దారి ఇవ్వాలంటే కుడి లైటు వేయడం అప్పుడు పట్టిన అలవాటు. మన రోడ్ల మీద లారీవాళ్లందరం అట్లే వేస్తాం. తిరగడానికీ అదే లైటు, దాటుకోమనడానికీ అదే లైటు. ఇన్నేళ్లు ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి రెండూ ఒకటే అని నాకు ఎప్పుడూ తట్టలేదు. చేతిని బయటికి చాపి తిరుగుతున్నానని చూపి ఉంటే వాడి కాలు విరిగేది కాదు.

నిన్న స్టేషన్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. తప్పు నాదని రాసిచ్చినాను. లైసెన్సు అక్కడ పెట్టుకున్నారు. కోర్టు ఏమంటుందో చూడాల. నీ జాబు అక్కడ తీయలేదు. ఇంటికి వచ్చి పొయ్యిలో వేసినాను. స్టేషన్‌కు నువ్వు రాలేదు. సోమవారం వస్తానని రాసినావు, అటూ ఇటూ చూసినాను. వీడియో అవసరం పడలేదు కాబట్టి పోనీలే అనుకున్నాను.

నిన్ను అన్న మాటలకు ఏం రాయాలో తెలియడం లేదు. కాలు విరగ్గొట్టింది నేను, దొంగను చేసింది నిన్ను.

ఆ వీడియో మాత్రం తీసుకురా. మీ అక్క నేను చెప్పింది విన్నది, తల ఊపింది, కానీ ముఖంలో ఇంకా ఏదో ఉంది. ఆమె కింద రెండు మాటలు రాస్తానంటోంది.

గంగాధరప్ప

తమ్మునికి: మీ బావ నిన్ను వెనకేసుకొస్తున్నాడు. ఆయన మంచోడు. నేను నీతో పుట్టినదాన్ని, నాకు నువ్వు తెలుసు. ఆ వీడియో నా కండ్లతో చూడాల. చూసినాకే నీకు ఈ ఇంట్లో విస్తరి. హేమావతి.


బత్తలపల్లె,
14 మార్చి 2025

బావకు, అక్కకు నమస్కారాలు.

చాటింపులు లేవు. ఈ జాబు ఇద్దరూ కలిసి చదవండి. అక్కకు బావ చదివి వినిపించేటప్పుడు ఏ మాటా మింగొద్దు.

నిన్న నేను ఆస్పత్రికి పోయినాను. అంజనమ్మ నన్ను కిందినుంచి పైకి చూసి, "దీపం చేసింది నువ్వేనా?" అంది. నేనే అన్నాను. "శానా బాగా చేసినావంట, మా ఆయన ఇంకా మెచ్చుకుంటాండాడు," అంది. నేను ఇంతవరకు ఎంతోమందిని మాటలతో పొడిచినాను, అంత లోతుగా ఎవరినీ పొడవలేదు. యేసన్నకు ఇంకో నెల కట్టు ఉంటుందట. ఇంటికి పోయినాక కట్టు మార్చుకోవడానికి పది రోజులకొకసారి అనంతపురం రావాల. బావ లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆ కారు నేను తోలుతాను. మీకు ఇష్టం లేకపోయినా తోలుతాను.

ఆదివారం, పదహారో తేదీ, మొదటి బస్సుకు వస్తాను. ఎడమ పక్క పట్టీ కూడా పీకేస్తాను. గోనెసంచిలో ఉన్న పాత దీపాలు తగిలిస్తాను. మిణుకుమనేవి చాలు. తిరిగే ముందు చెయ్యి బయటికి చాపు. దాటుకోమనేదానికి ఆ లైటు ఇంక ముట్టుకోవద్దు.

ఇప్పుడు అక్క అడిగినదానికి.

26వ తేదీ అద్దం తెరిచిన దీపం నా ఒళ్లో ఉంది, కొత్త పట్టీ చేతిలో ఉంది. తలకిందులు అతికిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. బావ కుడికి వేస్తాడు, దీపం ఎడమకు పోతుంది, వెనక ఎవడో తిడతాడు, ఈయన వారం రోజులు తల గోక్కుంటాడు, నేను ఇక్కడ కూర్చుని నవ్వుకుంటాను. పట్టీని తలకిందులు పట్టుకుని గమ్ము కూడా పూసినాను. అప్పుడు ఒక ఆటో వచ్చి నిలబడింది, హెడ్‌లైటు వెలగడం లేదని. లేచి పోయినాను. తిరిగి వచ్చి అతికించినాను, మూసినాను. నడుమ పట్టీని సరిగా తిప్పినానా లేదా అన్నది నాకు గుర్తు లేదు. బ్యాటరీకి తగిలించి చూడలేదు. మర్నాడు బస్సు హారన్ కొడుతోంది, ఆ తొందరలో ఆ వెకిలి జాబు రాసి, దీపంతోపాటు పడేసినాను.

బావ జాబు వచ్చిన మధ్యాహ్నం నా చేతులను నేనే అడిగినాను, ఏం చేసినారే అని. అవి చెప్పలేదు. "నేను చేయలేదు" అని రాసినప్పుడు అది నిజమో కాదో నాకు తెలియదు. యేసన్నను అడుగు అని నిన్ను తరిమినది నీకోసం అనుకున్నావు బావా. నేను పోయి అడగలేక నిన్ను పంపినాను. ఆయన "ఎడమకు" అని ఉంటే ఏం చేసేవాణ్నో, మెట్లెక్కుతానని రాసినంత సులభంగా ఎక్కేవాణ్నో కాదో, అది కూడా తెలియదు. సోమవారం అనంతపురం వరకు వచ్చినాను. రాయదుర్గం బస్సు కదిలిపోతుంటే చూస్తూ బస్టాండులోనే కూర్చున్నాను.

పదకొండో తేదీ జాబు చేతికి వచ్చేదాకా నా తమ్మునితనం ఉందో పోయిందో నాకే తెలియలేదక్కా. "కుడికి" అన్న ఒక్క మాట చదివి, అంగడి ముందర నిలబడి ఉన్నవాళ్లను అట్లే వదిలేసి లోపలికి పోయి కూర్చున్నాను.

విస్తరి వేసేదీ లేనిదీ నీ ఇష్టం. వేయకపోయినా దీపాలు మార్చి, చేతులు కడుక్కుని పోతాను.

గోడ గడియారం ఉంది. తువ్వాలు మడిచి ఉన్నది నిజమే. నలభై సెకన్ల వీడియో అని రాసినాను చూడు, ఆ నలభై సెకన్లూ నేను కల్పించినవే.

మారుతి